వీడీఆర్ఎల్ భార్యకు పాజిటివ్, భర్తకు నెగటివ్: ఆ రెండు కాగితాలు చెప్పేదేంటి, చెప్పనిదేంటి

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ రాస్తాను, చదివే మిగతావాళ్లకూ సంగతి తెలియాలి కాబట్టి. మీకు పెళ్లయి మూడేళ్లు. మీ భార్యకు ఇప్పుడు నాలుగో నెల, తొలిచూలు. గర్భిణులకు మామూలుగా రాసే రక్తపరీక్షల్లో, సిఫిలిస్ అనే సుఖవ్యాధి కోసం చేసే వీడీఆర్ఎల్ ‘రియాక్టివ్, 1:8’ అని, అంటే పాజిటివ్ అని వచ్చింది. డాక్టరమ్మ దాన్ని రూఢి చేసుకోవడానికి టీపీహెచ్ఏ అనే రెండో పరీక్ష కూడా చేయిస్తే అదీ పాజిటివ్. మిమ్మల్ని కూడా పరీక్ష చేయించుకోమంటే మీరు వీడీఆర్ఎల్ ఒక్కటే చేయించుకున్నారు, ‘నాన్ రియాక్టివ్’, అంటే నెగటివ్ వచ్చింది. ఇద్దరికీ ఒంటి మీద పుండు గానీ దద్దుర్లు గానీ లేవు. “నాకు లేనప్పుడు ఆమెకు ఎక్కడి నుంచి వచ్చింది?” అన్నది మీ మొదటి ప్రశ్న. మీ అమ్మగారు కోడల్ని పుట్టింటికి పంపించేయమంటున్నారు. తెలిసిన మెడికల్ షాపతను అజిత్రోమైసిన్ కోర్సు వేసుకుంటే పోతుందన్నాడు. బిడ్డను ఉంచుకోవచ్చా అని చివర్లో అడిగారు.

నేను చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఉంచుకోవచ్చు. ఇది గర్భం తీయించుకోవాల్సిన జబ్బు కాదు. నాలుగో నెలలోనే బయటపడటం నిజానికి మీ అదృష్టం. ఈ వారంలో పెనిసిలిన్ మొదలుపెట్టి కోర్సు సరిగ్గా పూర్తి చేస్తే ఆరోగ్యంగా ఉన్న బిడ్డ పుట్టే అవకాశమే చాలా ఎక్కువ. ఏడో నెల దాటాక, లేదా నొప్పులతో నేరుగా ఆసుపత్రికి వచ్చాక తెలిసినవాళ్లను కూడా చూశాను. వాళ్ల పరిస్థితి వేరు. మీ చేతిలో సమయం ఉంది. ఎవరి తప్పని తేల్చుకోవడానికి దాన్ని ఖర్చు పెట్టకండి, ముందు ఇంజెక్షన్ వేయించండి.

ఇక మీ మొదటి ప్రశ్న. ప్రభుత్వ ఆసుపత్రి చర్మ, సుఖవ్యాధుల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఈ ఒక్క ప్రశ్న మీద కాపురాలు కూలడం చూశాను. అందుకే సూటిగా చెప్తున్నాను: మీ ‘నాన్ రియాక్టివ్’ కాగితం మీకు క్లీన్ చిట్ కాదు, ఆమె మీద చార్జిషీటూ కాదు. ఎందుకో తెలియాలంటే ఆ రెండు పరీక్షలు దేన్ని పట్టుకుంటాయో తెలియాలి.

ముందు సిఫిలిస్ అంటే ఏమిటో చెప్తాను. మన పెద్దవాళ్లు సవాయి అనేవారు. ట్రెపోనీమా పాలిడం అనే మెలికలు తిరిగిన సన్నటి బ్యాక్టీరియా వల్ల వస్తుంది. 1905లో బెర్లిన్‌లో షౌడిన్, హాఫ్‌మన్ అనే ఇద్దరు దీన్ని మొదట గుర్తించారు. మామూలు ల్యాబుల్లో మిగతా బ్యాక్టీరియాలను పెంచినట్టు దీన్ని పెంచి చూడటం కుదరదు. అందుకే వందేళ్లకు పైగా దీని పరీక్షలు ఎక్కువగా, జబ్బును ఎదుర్కోవడానికి రక్తంలో తయారయ్యే యాంటీబాడీల మీదే నడుస్తున్నాయి.

వీడీఆర్ఎల్ పరీక్ష అమెరికాలో 1946లో వచ్చింది. ఇది బ్యాక్టీరియాను నేరుగా చూడదు. జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు దెబ్బతిన్న కణాల నుంచి, ఆ బ్యాక్టీరియా నుంచి కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థం బయటికి వస్తుంది. దానికి శరీరం తయారుచేసే యాంటీబాడీని వీడీఆర్ఎల్ పట్టుకుంటుంది. ఆర్పీఆర్ అని రాసే పరీక్ష కూడా ఈ కోవలోదే. టీపీహెచ్ఏ అలా కాదు. అది నేరుగా ఈ బ్యాక్టీరియాకు వ్యతిరేకంగా పుట్టిన యాంటీబాడీనే వెతుకుతుంది. ఒకసారి పాజిటివ్ అయితే, వైద్యం చేయించుకుని పూర్తిగా నయమైనా, చాలామందికి జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది.

ఆ 1:8 ఏమిటంటారా? మీ భార్య రక్తం నుంచి తీసిన సీరంను సెలైన్‌తో రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు, పదహారింతలు ఇలా పలచన చేస్తూ పరీక్షిస్తారు. చిక్కటి మజ్జిగలో నీళ్లు పోస్తూ పోతే ఎక్కడిదాకా పులుపు తెలుస్తుందో చూసినట్టు. ఎనిమిదింతలు పలచన చేసినా రియాక్షన్ కనిపించింది, పదహారింతల దగ్గర కనిపించలేదు. అంతే. ఆ అంకె జబ్బు ఎప్పుడు అంటుకుందో చెప్పదు. ఎవరి నుంచి వచ్చిందో అసలే చెప్పదు.

ఇప్పుడు మీ కాగితం దగ్గరికి వద్దాం. సిఫిలిస్ ఉన్నా, లేదా ఒకప్పుడు ఉన్నా, వీడీఆర్ఎల్ నాన్ రియాక్టివ్ రావడానికి దారులు చాలా ఉన్నాయి. అంటుకున్న తొలి వారాల్లో ఇంకా యాంటీబాడీ తయారై ఉండదు. యాంటీబాడీ మరీ ఎక్కువున్నప్పుడు, పలచన చేయకుండా చూస్తే పరీక్ష మోసపోతుంది. దీన్ని ప్రోజోన్ అంటారు, అనుభవమున్న ల్యాబుల్లో పలచన చేసి మళ్లీ చూస్తారు. మీ విషయంలో నేను ఎక్కువగా ఆలోచించేది మూడో దారి. జబ్బు అంటుకుని ఏళ్లు గడిచాక, ఏ వైద్యమూ చేయించుకోకపోయినా, నూటికి పాతిక ముప్పై మందికి వీడీఆర్ఎల్ దానంతటదే నాన్ రియాక్టివ్‌కు పడిపోతుంది. వాళ్లకు టీపీహెచ్ఏ చేస్తే పాజిటివ్ వస్తుంది. మీరు చేయించుకోనిది సరిగ్గా ఆ పరీక్షే.

ఇంకో దారి కూడా ఉంది. మొటిమలకో, ఇంకేదో ఇన్ఫెక్షన్‌కో వారాల తరబడి డాక్సీసైక్లిన్ వాడి ఉంటే, మీకు తెలియకుండానే సిఫిలిస్‌కు వైద్యం జరిగిపోయి ఉండొచ్చు. (డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది అమెరికాలోని లెడర్లీ ల్యాబ్ నుంచి. అక్కడ పరిశోధనలకు పెద్దగా ఉన్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. గర్భిణులు మినహా, పెనిసిలిన్ పడనివాళ్లకు ఈనాటికీ ఎక్కువగా ఆ కుటుంబం మందే దిక్కు.)

కాబట్టి రేపు మీరు టీపీహెచ్ఏ చేయించుకోండి. కానీ ముందే ఒక మాట. అది పాజిటివ్ వస్తే మీకూ ఎప్పుడో సోకిందని తేలుతుంది గానీ, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తేలదు. నెగటివ్ వచ్చినా, ఆమె పెళ్లయ్యాక తెచ్చుకుందని అర్థం కాదు. ఈ జబ్బు శారీరక సంబంధం ద్వారా ఇతరులకు అంటుకునేది ముఖ్యంగా మొదటి ఒకటి రెండేళ్లలోనే. ఆ తర్వాత అది లోపల అణిగి ఉంటుంది, పక్కవాళ్లకు అంటుకోవడం దాదాపు ఉండదు, రక్తపరీక్షలో మాత్రం కనబడుతుంది. ఆమెకు పెళ్లికి చాలా ముందే, ఆమెకే తెలియకుండా, ఆమె ఇష్టం లేకుండా కూడా వచ్చి ఉండొచ్చు. మీకు పెళ్లికి ముందు ఏడాది వచ్చి, కాపురం పెట్టిన కొత్తలో ఆమెకు అంటి, ఇప్పుడు మీలో వీడీఆర్ఎల్ పడిపోయి ఉండొచ్చు. ఏ డాక్టరూ, ఏ ల్యాబూ ఇది తేల్చలేదు. తేల్చగలమని ఎవరైనా అంటే నమ్మకండి.

“మరి మాకు ఏ లక్షణమూ లేదు కదా” అన్నారు. ఈ జబ్బు తెలివంతా అక్కడే ఉంది.

అంటుకున్న తర్వాత 10 నుంచి 90 రోజుల్లో, ఎక్కువమందికి మూడు వారాలకు, సూక్ష్మజీవి లోపలికి దూరిన చోట ఒక పుండు లేస్తుంది. గట్టిగా, గుండ్రంగా, శుభ్రంగా కనిపిస్తుంది. నొప్పి ఉండదు. గజ్జల్లో బిళ్లలు కట్టినా అవీ పెద్దగా నొప్పి పెట్టవు. మగవాళ్లకైతే కంటికి కనిపించే చోట రావచ్చు. ఆడవాళ్లకు లోపల, గర్భాశయ ముఖద్వారం మీద వస్తే ఆమెకు ఎప్పటికీ తెలియదు. నోట్లో, మలద్వారం దగ్గర కూడా రావచ్చు. ఆ పుండు మూడు నుంచి ఆరు వారాల్లో ఏ మందూ లేకుండా దానంతటదే మానిపోతుంది.

ఈ చివరి ముక్క దగ్గర కాస్త ఆగాలి. బస్టాండు మరుగుదొడ్ల గోడల మీద ‘గుప్తరోగాలకు గ్యారంటీ చికిత్స’ అని అంటించే పోస్టర్ల వ్యాపారమంతా దీని మీదే నడుస్తుంది. పసరు పూసినా మానుతుంది, పరంగి చెక్క కషాయం తాగినా మానుతుంది, భస్మమని పాదరసం మింగించినా మానుతుంది, ఏమీ చేయకపోయినా మానుతుంది. ఎవరి మందు చివర్లో వాడితే వాళ్లకు పేరు. పుండు మానిందని రోగి వెళ్లిపోతాడు, జబ్బు మాత్రం రక్తంలోకి దిగుతుంది.

కొన్ని వారాల నుంచి కొన్ని నెలల తర్వాత రెండో దశ. ఒంటి మీద దద్దుర్లు వస్తాయి, దురద అంతగా ఉండదు. అరచేతుల్లో, అరికాళ్లలో రాగి రంగు మచ్చలు వస్తే చర్మం డాక్టర్లు వెంటనే అనుమానించేది దీన్నే, ఎందుకంటే మామూలు ఎలర్జీలు అక్కడ అలా రావడం తక్కువ. కొద్దిపాటి జ్వరం, గొంతునొప్పి, తలలో అక్కడక్కడ జుట్టు ఊడటం, మర్మాంగాల దగ్గర తడిగా ఉండే చదును పులిపిర్లు కూడా ఉండొచ్చు. చాలామంది దీన్ని వేడి చేసిందనో, తిండి పడలేదనో అనుకుంటారు. ఇదీ దానంతటదే తగ్గిపోతుంది. ఆ తర్వాత ఏ లక్షణమూ లేని దశ. లేటెంట్ అంటాం. మీ భార్య ఇప్పుడు ఉన్నది బహుశా ఇందులోనే. వైద్యం లేకుండా వదిలేస్తే మూడో వంతు మందిలో పదేళ్లకో ఇరవయ్యేళ్లకో గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళాన్ని, మెదడును, ఎముకలను దెబ్బతీస్తుంది. కంటిచూపు, వినికిడి మాత్రం ఏ దశలోనైనా దెబ్బతినొచ్చు. మీలో ఎవరికైనా చూపు మసకబారినా, చెవిలో కొత్తగా హోరు మొదలైనా డాక్టరుకు తప్పకుండా చెప్పండి, అప్పుడు వైద్యం మారుతుంది.

మరుగుదొడ్డి సీటు, కంచం, తువ్వాలు, ఈత కొలను వల్ల ఇది రాదు. మీ అమ్మగారు ఆమె గిన్నెలు వేరుపెట్టాల్సిన అవసరం ఏ కోశానా లేదు.

ఇంతవరకూ చదివిన వేరే గర్భిణులెవరైనా తమ రిపోర్టు తీసి చూసుకుంటుంటే, వాళ్లకోసం ఒక మాట. వీడీఆర్ఎల్ ఒక్కటే రియాక్టివ్ వచ్చి టీపీహెచ్ఏ నెగటివ్ అయితే, అది చాలావరకు సిఫిలిస్ కాదు. ఒక్కోసారి గర్భం వల్లే ఇలా వస్తుంది. మలేరియా, కుష్ఠు, లూపస్ లాంటి జబ్బులున్నా, వయసు పైబడినా రావచ్చు. అంకె సాధారణంగా 1:8 కన్నా తక్కువే ఉంటుంది. అలాంటప్పుడు కొన్ని వారాలాగి రెండు పరీక్షలూ మళ్లీ చేయిస్తారు. అంతకుముందు గర్భస్రావాలు అయి ఉంటే యాంటీ ఫాస్ఫోలిపిడ్ పరీక్షలు కూడా రాస్తారు, గర్భస్రావాలకు దారితీసే ఆ యాంటీబాడీల సమస్యలోనూ వీడీఆర్ఎల్ తప్పుడు పాజిటివ్ వస్తుంది కాబట్టి. టీపీహెచ్ఏ చూడకుండా ఇంట్లో గొడవ పెట్టుకోవడం మాత్రం శుద్ధ తెలివితక్కువ పని. మీ విషయంలో రెండూ పాజిటివ్, ఆమె ఇంతకుముందు దీనికి వైద్యం చేయించుకోలేదు. కాబట్టి దీన్ని నిజమైన సిఫిలిస్ కిందే లెక్కేసి వైద్యం చేయాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనాల ప్రకారం మిగతా సుఖవ్యాధుల్లో కొత్తగా క్లమీడియా సోకినవారు 12.9 కోట్లు, గనేరియా 8.2 కోట్లు. సిఫిలిస్ 71 లక్షలే. లెక్కలో చిన్నదే, కానీ కడుపులోని మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డను పట్టుకోవడంలో ఆ రెండూ దీని దరిదాపుల్లోకి రావు. 2022లో ప్రపంచవ్యాప్తంగా 11 లక్షల మంది గర్భిణులకు సిఫిలిస్ ఉందనీ, దానివల్ల 3.9 లక్షలకు పైగా కాన్పులు గర్భస్రావంగానో, కడుపులోనే బిడ్డ చనిపోవడంగానో, నెలలు నిండకుండానో, జబ్బుతో బిడ్డ పుట్టడంగానో ముగిశాయనీ అదే సంస్థ అంచనా. తల్లికి ఏ బాధా లేకపోయినా బిడ్డకు సోకుతుంది. శారీరక సంబంధంతో అంటుకునే గడువు దాటిన తర్వాత కూడా కొన్నేళ్లపాటు తల్లి నుంచి బిడ్డకు వెళ్లగలదు. పీహెచ్‌సీలో ఏఎన్ఎం దగ్గర నుంచి కార్పొరేట్ ఆసుపత్రి దాకా ప్రతి గర్భిణికీ ఈ పరీక్ష రాసేది అందుకే. ఎవరి ప్రవర్తన మీదా అనుమానంతో కాదు.

ఇక వైద్యం. మందు ఒక్కటే: బెంజథీన్ పెనిసిలిన్. 1943లో న్యూయార్క్‌లోని స్టాటన్ ఐలండ్‌లో మహోనీ అనే డాక్టరు నలుగురు సిఫిలిస్ రోగులకు మొదటిసారి పెనిసిలిన్ ఇచ్చి ఫలితం చూపించాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఈ బ్యాక్టీరియా పెనిసిలిన్‌కు లొంగకుండా పోయిందన్న దాఖలా లేదు. ఎనభయ్యేళ్ల తర్వాత కూడా అదే మందు మంచి మందుగా నిలిచిన జబ్బులు చాలా తక్కువ. సోకి ఎక్కువ కాలం కాలేదని తెలిస్తే 24 లక్షల యూనిట్లు ఒకే ఒక్క విడత. ఎప్పుడు సోకిందో తెలియనప్పుడు, అంటే మీ భార్య విషయంలో, వారానికోసారి చొప్పున మూడు వారాలు.

మెడికల్ షాపతని అజిత్రోమైసిన్ సంగతి. వద్దు. ఈ బ్యాక్టీరియాలో అజిత్రోమైసిన్‌కు లొంగని రకాలు ప్రపంచమంతా వ్యాపించాయి. లొంగినా ఆ మందు మాయను దాటి బిడ్డకు సరిపడా చేరదు. తల్లి రిపోర్టు బాగుపడినట్టు కనిపించి, బిడ్డ జబ్బుతో పుడుతుంది. డాక్సీసైక్లిన్ గర్భిణికి ఇవ్వకూడదు. గర్భంలో సిఫిలిస్‌కు పెనిసిలిన్ తప్ప వేరే మందు లేదని గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆమెకు పెనిసిలిన్ ఎలర్జీ అని నిజంగా తేలినా, మందు మార్చరు. పెద్దాసుపత్రిలో పడుకోబెట్టి చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి, గంటల తరబడి పెంచుకుంటూ పోయి, శరీరానికి అలవాటు చేసి అదే పెనిసిలిన్ ఇస్తారు. “చిన్నప్పుడు ఏదో ఇంజెక్షన్‌కు ఒళ్లు దద్దరించింది” అన్నంత మాత్రాన ఎలర్జీ అనుకోనక్కర్లేదు, కానీ ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇంజెక్షన్ ఎలా ఉంటుందో ముందే చెప్తే సగం భయం పోతుంది. పెనిడ్యూర్ అనే పేరుతో దొరుకుతుంది, కీళ్లవాతం జ్వరం వల్ల గుండె కవాటాలు చెడిన పిల్లలకు మూడు వారాలకోసారి వేసేదీ ఇదే. సీసాలో తెల్లటి పొడి ఉంటుంది. నీళ్లు కలిపి బాగా ఊపితే పాలలా చిక్కగా తయారవుతుంది. సన్నని సూదిలో అడ్డం పడుతుంది కాబట్టి కాస్త లావు సూదే వాడాలి. కలిపాక ఆలస్యం చేయకూడదు, నెమ్మదిగా తోయాలి, నరంలోకి ఎప్పుడూ పోకూడదు. ముందు ముంజేతి మీద చర్మంలోకి చుక్కంత టెస్ట్ డోస్ వేసి కాసేపు చూస్తారు. తర్వాత 12 లక్షలు ఒక పిరుదుకు, 12 లక్షలు రెండో పిరుదుకు. నొప్పి గట్టిగానే ఉంటుంది, దాచడం దేనికి? “కాలు వదులుగా పెట్టమ్మా, బిగబట్టకు” అని సిస్టర్ అంటూనే ఉంటుంది, ఎవరూ వదులుగా పెట్టలేరు. ఆ పూటంతా మెట్లు దిగాలన్నా, కూర్చోవాలన్నా కష్టం. వేడినీళ్ల కాపడం, డాక్టరు ఒప్పుకుంటే పారాసెటమాల్ చాలు.

పెనిసిలిన్‌కు అరుదుగా ప్రాణం మీదికి వచ్చే రియాక్షన్ రావచ్చు. ఆ భయంతో చాలా చిన్న క్లినిక్కుల్లో వేయడమే మానేశారు. “మా దగ్గర వేయం” అంటే కోప్పడకండి. అడ్రినలిన్, ఆక్సిజన్ సిద్ధంగా ఉండే చోటికి, ప్రభుత్వ ఏరియా ఆసుపత్రికో బోధనాసుపత్రికో వెళ్లండి. వేసిన తర్వాత కనీసం అరగంట అక్కడే కూర్చోండి. మందు ధర తక్కువ కావడంతో తయారుచేసే కంపెనీలూ తక్కువే, ఒక్కోసారి షాపుల్లో దొరకదు. మొదటి ఇంజెక్షన్ వేయించేలోపే మిగతా రెండు విడతల మందు ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని పెట్టుకోండి. గర్భిణికి రెండు విడతల మధ్య 9 రోజులు దాటితే కోర్సు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలంటారు. ఊళ్లో పండగనో, బావమరిది పెళ్లనో తేదీ జరపకండి.

మొదటి ఇంజెక్షన్ వేసిన 24 గంటల్లోపు కొందరికి చలిజ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. బ్యాక్టీరియా ఒక్కసారిగా చావడం వల్ల వచ్చేది అది, మందు పడకపోవడం కాదు. గర్భిణికి దాంతోపాటు పొత్తికడుపు బిగుసుకోవడం, నొప్పులు, బిడ్డ కదలిక తగ్గడం లాంటివి ఉంటే రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ భయంతో ఇంజెక్షన్ మానకూడదు.

మీ వైద్యం ఏమిటి? టీపీహెచ్ఏ పాజిటివ్ వచ్చి, ఇంతకుముందు వైద్యం లేకపోతే, మీకూ అవే మూడు విడతలు. నెగటివ్ వచ్చినా చర్మ, సుఖవ్యాధుల డాక్టరు మిమ్మల్ని ఒకసారి చూడాలి. మీ ఇద్దరి మధ్య ఎప్పుడెప్పుడు సంబంధం ఉందో, ఆమె జబ్బు ఎంత పాతదని అనుకుంటున్నారో బట్టి ఇంజెక్షన్ వేయాలా వద్దా అని వాళ్లు నిర్ణయిస్తారు. ఇద్దరి కోర్సూ పూర్తయి ఇంకో వారం గడిచేదాకా కలవకండి. ఒకరికి వేసి ఒకరిని వదిలేస్తే, నయమైనవాళ్లకు మళ్లీ అంటుకోవచ్చు. ఒకసారి వచ్చిపోతే మళ్లీ రాకుండా రక్షణ ఏర్పడే జబ్బు కాదిది. ఇద్దరూ హెచ్ఐవీ, హెపటైటిస్ బీ పరీక్షలు కూడా చేయించుకోండి. సిఫిలిస్ పుండు ఉన్నప్పుడు హెచ్ఐవీ సులువుగా అంటుకుంటుంది, అందుకని ఈ రెంటినీ ఎప్పుడూ కలిపే చూస్తాం.

డబ్బు ఇబ్బందైతే, లేదా ఊళ్లో తెలిసిన క్లినిక్‌కు వెళ్లాలంటే మొహమాటమైతే, జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో ‘సురక్ష క్లినిక్’ అని ఉంటుంది. పరీక్ష, కౌన్సెలింగ్, మందు ఉచితం. ఎక్కడుందో తెలియకపోతే 1097కు ఫోన్ చేయండి, ఆ నంబరుకు చార్జీ పడదు. అక్కడి కౌన్సెలర్లు మీలాంటి జంటలతో రోజూ మాట్లాడేవాళ్లే.

ఇంజెక్షన్లయ్యాక మళ్లీ వీడీఆర్ఎల్ చేయిస్తారు. ఇక్కడే జనం టెన్షన్ పడేది. 1:8 నుంచి 1:4 అయితే తగ్గినట్టు లెక్క కాదు, 1:16 అయితే పెరిగినట్టూ కాదు. ఒక మెట్టు తేడా ల్యాబ్ వల్లే రావచ్చు. రెండు మెట్లు, అంటే 1:8 నుంచి 1:2కు దిగితే మందు పనిచేసిందని అర్థం. 1:32కు ఎక్కితే మళ్లీ అంటుకుందనో, వైద్యం సరిపోలేదనో అనుమానించాలి. ఇది నెలల్లో జరిగే పని. పాత జబ్బులో ఏడాది రెండేళ్లు పడుతుంది, కొందరికి చిన్న అంకె దగ్గరే ఆగిపోతుంది. కాన్పులోపు అంకె తగ్గలేదంటే బిడ్డకు వైద్యం అందనట్టు కాదు. ప్రతిసారీ అదే ల్యాబులో, అదే పరీక్ష చేయించండి. ఒకసారి వీడీఆర్ఎల్, ఇంకోసారి ఆర్పీఆర్ చేయించి ఆ అంకెలను పోల్చకూడదు. టీపీహెచ్ఏ మళ్లీ మళ్లీ చేయించడం డబ్బు దండగ, అది పాజిటివ్‌గానే ఉంటుంది.

ఆ కారణంగానే ఇంజెక్షన్ తేదీలు, మోతాదు రాసి ఆసుపత్రి ముద్ర వేసిన కాగితాన్ని ఆమె తల్లీబిడ్డల కార్డుతోపాటు భద్రంగా ఉంచండి. రెండో కాన్పులో పీహెచ్‌సీలో చేసే ర్యాపిడ్ టెస్టు స్ట్రిప్‌లో మళ్లీ పాజిటివ్ కనిపిస్తుంది. ఆ కాగితం లేకపోతే ఇవే కన్నీళ్లు, ఇవే ఇంజెక్షన్లు మళ్లీ మొదలు. గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల మెడికల్‌లో కూడా ఈ పరీక్ష ఉంటుంది. నిజామాబాద్, కరీంనగర్, కడప వైపు నుంచి వెళ్లే కుర్రాళ్లు ఎప్పుడో నయమైన జబ్బు అక్కడ మళ్లీ తేలి తలపట్టుకోవడం కొత్త కాదు.

బిడ్డ విషయం. అయిదో నెల దాటాక చేసే స్కానింగ్‌లో బిడ్డ కాలేయం, మాయ మందం, కడుపులో నీరు చేరడం వంటివి ప్రత్యేకంగా చూడమని రేడియాలజిస్టుకు మీ డాక్టరమ్మ రాస్తారు. ఈ జబ్బు కోసమని సిజేరియన్ అక్కర్లేదు. పాలివ్వొచ్చు, రొమ్ము మీద పుండు లేనంతవరకు. తల్లికి పెనిసిలిన్ వైద్యం కాన్పుకు కనీసం నెల ముందే మొదలై, కోర్సు పూర్తయి ఉండాలన్నది లెక్క, మీకు అంతకన్నా చాలా ఎక్కువ సమయం ఉంది. పుట్టిన రోజే పిల్లల డాక్టరుకు సంగతి చెప్పండి, సిగ్గుపడి దాచకండి. బిడ్డ నరం నుంచి రక్తం తీసి వీడీఆర్ఎల్ చేస్తారు, బొడ్డుతాడు రక్తంతో కాదు. అది పాజిటివ్ వచ్చినా గుండె జారిపోనక్కర్లేదు, తల్లి యాంటీబాడీలే బిడ్డలోకి వస్తాయి. బిడ్డ అంకె తల్లి అంకె కన్నా నాలుగింతలు ఎక్కువుంటేనో, బిడ్డలో లక్షణాలుంటేనో పది రోజుల పెనిసిలిన్ ఇస్తారు. లేదంటే జాగ్రత్త కోసం ఒక్క ఇంజెక్షన్ వేసి చూస్తూ ఉంటారు. తల్లి నుంచి వచ్చినదే అయితే ఆరు నెలలకల్లా బిడ్డ వీడీఆర్ఎల్ నాన్ రియాక్టివ్ అయిపోతుంది.

మీ అమ్మగారికి ఏం చెప్పాలని మీరు అడగలేదు, నేనే చెప్తున్నాను. జబ్బు పేరు చెప్పాల్సిన అవసరమే లేదు. “రక్తంలో ఇన్ఫెక్షన్ ఉంది, మూడు ఇంజెక్షన్లతో పోతుంది, ఇద్దరం డాక్టరుకు చూపించుకుంటున్నాం” అనండి. అందులో అబద్ధం లేదు. ‘ఇద్దరం’ అన్న మాట మాత్రం వదలకండి. ఆమెను ఇప్పుడు పుట్టింటికి పంపితే ఆ మూడు వారాల కోర్సులో ఏదో ఒక విడత తప్పిపోతుంది. కాన్పుకు వెళ్లేటప్పుడు ఎలాగూ వెళ్తుంది, అప్పుడు ఈ కాగితాలన్నీ ఆమె వెంట పంపండి, అక్కడి డాక్టరుకు అందేలా చూడండి.

రేపు మీకు టీపీహెచ్ఏ, ఇద్దరికీ హెచ్ఐవీ పరీక్ష. పరగడుపున వెళ్లాల్సిన పనిలేదు, ఈ రక్తపరీక్షలకు టిఫిన్ చేసి వెళ్లినా ఫరవాలేదు. ఇంజెక్షన్ రోజున మాత్రం ఆమెను ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి, కళ్లు తిరిగి పడిపోతారు. తిరిగొచ్చేటప్పుడు బండి మీద కాకుండా ఆటోలో తీసుకురండి.